భివండికి బయలుదేరిన బండి

ఇరవై రెండేళ్ళుగా బళ్ళో పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. జవాబు రాలేదంటే ఎక్కడో ఒక అడుగు తప్పు వేశామని, ఓపిగ్గా వెనక్కి పోతే ఆ అడుగు కనిపించి తీరుతుందని వాళ్ళకు చెప్పీ చెప్పీ చివరికి నాకే అది నమ్మకమైపోయింది. ఆ నమ్మకం ఆదోనిలో ఒక మెకానిక్ షెడ్డులో రెండు రోజుల్లో చెదిరిపోయింది. ఇప్పటికీ బోర్డు ముందు నిలబడి ఆ మాట చెప్పబోయినప్పుడు నాకు కాస్త నత్తి వస్తుంది.

మేము ఎమ్మిగనూరు నుంచి బొంబాయి పక్కనున్న భివండికి మా సొంత బండిలో బయలుదేరాం. మేమంటే నేనూ, మా నాయనా. భివండిలో మా తమ్ముడు పవర్‌లూముల్లో పనిచేస్తాడు. వాడి కూతురికి ఆదివారం ఓణీల ఫంక్షను. మామూలుగా అయితే పోయి, నాలుగు రోజులుండి వచ్చే ప్రయాణమే. మా ఇంట్లో మాత్రం అది అంత తేలికైన సంగతి కాదు. ఏడేళ్ళ కిందట తమ్ముడు మగ్గం మానేసి భివండి పోతానన్న రోజున నాయన వాకిట్లో నిలబడి, పోతే మళ్ళీ ఈ గడప తొక్కొద్దు, నా మొగం చూడొద్దు అన్నాడు. వాడు పెళ్ళాన్నీ పిల్లనూ తీసుకుని పోయాడు. వాడు మళ్ళీ రాలేదు, ఈయన పిలవలేదు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ మొండో నాకు నేటికీ తేలలేదు. అమ్మ బతికుంటే ఆ మాటను అక్కడికక్కడే తుంచేసేది. అమ్మ అప్పటికే లేదు. ఉన్నవాణ్ణి నేను, నోరు మూసుకుని చూస్తూ నిలబడ్డాను.

ఫంక్షను తేదీ ఖాయమయ్యాక తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. నన్నూ నా భార్యనూ పిల్లలనూ పేరుపేరునా పిలిచి, ఆఖర్న గొంతు తగ్గించి, నాయన వస్తాడా అని అడిగాడు. పది రోజులు నాయన చుట్టూ తిరిగాను. ఆయన అవుననడు, కాదనడు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని తన పని తాను చేసుకుంటూ పోతాడు. పదకొండో రోజు అన్నం తింటూ తింటూ, పోదాంలే అన్నాడు. నా నెత్తిన పాలు పోసినట్టయింది. అయితే వెంటనే ఒక షరతు పెట్టాడు. రైల్లో కాదు, మన బండిలోనే పోవాలట. ఆదోనిలో రైలెక్కితే కల్యాణ్‌లో దిగొచ్చు, మధ్యలో మారే పని లేదు, అక్కణ్ణుంచి భివండి ఎంతో దూరం లేదు, ఈ వయసులో రెండు రోజులు రోడ్డు మీద ఒళ్ళు హూనం చేసుకోవడం ఎందుకని అడిగాను.

“రైలు మన మాట ఇనదప్పా. బండైతే నాకు మనసొప్పకుంటే యాడైనా ఎనక్కి తిప్పుకోవచ్చు.”

అదీ సంగతి. ఆయన ఒక కాలు ముందుకూ ఒక కాలు వెనక్కూ పెట్టుకుని బయలుదేరుతున్నాడు. ఆయనకు డెబ్బై నాలుగేళ్ళు. ఈసారి దారిలో వెనక్కి తిరిగితే తండ్రీ కొడుకులు మళ్ళీ ఒకరినొకరు చూసుకునేది ఉండదని నాకు గట్టిగా అనిపించింది. ఎలాగైనా సరే, ఆదివారం లోపల ఆయన్ను తమ్ముడి ఇంటి ముందు దింపాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు. నా భార్యా పిల్లలూ పనులకు సాయంగా నాలుగు రోజుల ముందే రైలెక్కి పోయారు కాబట్టి, ఆయన్ను తీసుకుపోయే భారం నా ఒక్కడి మీదే పడింది.

మాది సెకండ్ హ్యాండులో కొన్న పాత డీజిల్ బండి. దాని సంగతి తెలుసు కాబట్టి నెల ముందు నుంచే ఏర్పాట్లు మొదలుపెట్టాను. ఆయిలు మార్పించాను. ఫ్యాను బెల్టు కొత్తది వేయించాను. టైర్లు, బ్రేకులు, బ్యాటరీ అన్నీ చూపించి, చూపించినవన్నీ నోటుపుస్తకంలో రాసుకుని ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టుకున్నాను. బయలుదేరే ముందు రోజు సాయంత్రం కూడా రేడియేటర్ మూత తీసి నీళ్ళు నిండుగా ఉన్నాయని కళ్ళారా చూశాను. పరీక్షకు పోయే పిల్లవాడు కూడా అంత శ్రద్ధగా పెన్నులు సర్దుకోడు.

గురువారం తెల్లవారగానే బయలుదేరాలనుకున్నాం. తీరా చూస్తే పక్కింటివాళ్ళు అప్పటికే వీధి పొడుగునా మగ్గానికెక్కించే పడుగు నూలు సాగదీసి గంజి పెడుతున్నారు. నూలు ఆరిపోకముందే కుంచెలు ఆడించాలి కాబట్టి ఆ పనిలో ఉన్నవాళ్ళను తొందరపెట్టడానికి లేదు. వాళ్ళది అయ్యేదాకా బండి బయటికి తీయలేం. సరే కదా అని నేను నిదానంగా స్నానం చేసి, సంచులు సర్ది బయటికి వచ్చేసరికి, నాయన బానెట్ ఎత్తి పెట్టి, చేతిలో చెంబుతో నిలబడి ఉన్నాడు. ఏం చేస్తున్నావంటే బండికి పసుపు కుంకుమ పెడుతున్నానన్నాడు. నిజమే, బానెట్ మీద బొట్టు ఉంది, టైర్ల కింద నిమ్మకాయలున్నాయి. నేను ఇంకేమీ అడగలేదు.

బండెక్కి కూర్చున్నాక మాత్రం ఆయన, ఇది అంత దూరం పోతుందా అని అడిగాడు. పోతుందన్నాను. కోటేకల్లు దగ్గర మళ్ళీ అదే ప్రశ్న వేశాడు. నాకు ఒళ్ళు మండింది. పోకూడదని ఏమన్నా మొక్కుకున్నావా అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

నా పథకం ప్రకారం ఆదోనిలో ఆగి పాపకు వెండి పట్టీలు కొనాలి, ఆ పైన సిరుగుప్ప మీదుగా విజయపుర, అక్కణ్ణుంచి సోలాపూర్. రాత్రికి సోలాపూర్‌లో పడుకుని శుక్రవారం సాయంత్రానికల్లా భివండి. పత్తి సీజను కావడంతో రోడ్డంతా జిన్నింగు మిల్లులకు పోయే లారీలే. వాటి వెనకాల నిదానంగా పోతూ ఉండగా, ఆదోని ఇంకా అయిదారు కిలోమీటర్లు ఉందనగా, వేడి చూపించే ముల్లు పైకి లేవడం మొదలుపెట్టింది. నేను చూస్తుండగానే ఎర్రగీత దాటింది. పక్కకు తీసి ఆపి బానెట్ ఎత్తితే ఆవిరి ముఖాన కొట్టింది. నేను కొత్త బెల్టు వైపూ, నోటుపుస్తకంలోని టిక్కుల వైపూ మార్చి మార్చి చూశాను. నాయన దిగి చెట్టు నీడన నిలబడి, భివండి ఇంకా ఎంత దూరముందని అడిగాడు.

అరగంట చల్లారబెట్టి, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు ఆవిరికి మొహం తిప్పుకుని రేడియేటర్‌లో పోసి, నత్తనడకన ఆదోని చేరి, ఊరి మొదట్లో కనిపించిన షెడ్డులోకి బండి తోలాను. షెడ్డు యజమానిని అందరూ భాయ్ అంటున్నారు, నేనూ అలాగే పిలిచాను. అరవైకి దగ్గరపడిన మనిషి. డీజిల్ బండ్లు తప్ప వేరేవి ముట్టడు. విప్పిన ప్రతి నట్టునూ పాత పేపరు మీద విప్పిన వరుసలోనే పేర్చి పెడతాడు. ఆ పేపరు మీద ఎవరి నీడ పడినా ఊరుకోడు. ఆ పద్ధతి చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. నా జాతివాడే అనుకున్నాను.

భాయ్ చూసీ చూడగానే రోగం చెప్పేశాడు. రేడియేటర్ ముందున్న సందుల్లో పత్తి పేరుకుపోయి ఉంది. ఈ కాలంలో పత్తి లారీల వెనక వచ్చిన బండ్లన్నిటికీ ఇదే బాధ అని, గాలి ఆడక వేడెక్కిందని చెప్పి, గాలి పైపుతో దులిపేశాడు. కారణం దొరికింది. నేను సంతోషంగా పోయి పట్టీలు కొని, నాయనతో కలిసి ఇడ్లీ తిని, సిరుగుప్ప దారి పట్టాను. ఎనిమిది కిలోమీటర్లు పోయామో లేదో ముల్లు మళ్ళీ లేచింది. నాయన మళ్ళీ, ఇంకా ఎంత దూరముందని అడిగాడు. ఆ ప్రశ్న నా చెవికి, ఇంటికి పోదామా అన్నట్టే వినిపించింది.

ఒక ట్రాక్టరువాణ్ణి బతిమాలి, బండికి తాడు కట్టించుకుని, మళ్ళీ అదే షెడ్డుకు వచ్చాం. భాయ్‌కి నన్ను చూసి చిన్నతనంగా అనిపించినట్టుంది. ఈసారి కుర్చీ వేశాడు. ఇంజను వేడెక్కినప్పుడు నీళ్ళకు దారి తెరిచే చిన్న బిళ్ళ ఒకటి ఉంటుందట, అది మూసుకుపోయి ఉంటుందన్నాడు. దాన్ని తీసి చూశాడు. చూడటానికి బాగానే ఉంది. బాగున్నట్టు కనిపించినా లోపల చెడి ఉండొచ్చన్నాడు. అది లేకుండానే బండి స్టార్టు చేశాడు. బండి కదలకుండా, షెడ్డులో నిలబడిన చోటే, పావుగంటలో వేడెక్కింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మధ్యాహ్నం దాటాక రేడియేటర్ మూత తీసి లోపల వేలు పెట్టి చూసిన భాయ్ నిట్టూర్చాడు. నన్ను పిలిచి చూపించాడు. నీళ్ళు తెల్లగా మజ్జిగలా ఉన్నాయి, పైన నూనె చుక్కలు తేలుతున్నాయి. ఇంజను లోపల నీళ్ళ దారి వేరు, ఆయిలు దారి వేరు. రెండూ కలవకుండా మధ్యలో పల్చటి గ్యాస్కెట్ అడ్డం ఉంటుంది. అది కాలిపోతే నీళ్ళూ ఆయిలూ కలిసి ఇలా తెల్లబడతాయి. కాబట్టి ఇంజను పైభాగం, అంటే హెడ్డు, విప్పాలి. అది విప్పడానికి ఈ సాయంత్రం, కొత్తది వేసి బిగించడానికి రేపంతా పడుతుందన్నాడు. నా పథకంలో సోలాపూర్ కొట్టుకుపోయింది. అయినా శనివారం పొద్దున బయలుదేరితే ఆదివారం తెల్లవారేసరికి చేరొచ్చని కొత్త లెక్క వేసుకున్నాను.

ఇదంతా జరుగుతుంటే షెడ్డు పక్కనున్న మెస్సు వైపు నుంచి అడుగంటిన అన్నం వాసన వస్తూనే ఉంది. వంట మాడిపోతుంటే వీళ్ళకు పట్టదా అని విసుక్కున్నాను. ఆ వాసనలో నాకు బాగా తెలిసినది ఏదో ఉందని కూడా అనిపించింది. తల తిప్పి చూస్తే పక్కన నాయన ఉన్నాడు. ఆయన దగ్గర ఎప్పుడూ ఉండే గంజి వాసనే అనుకుని వదిలేశాను.

ఆ సాయంత్రం బస్టాండు దగ్గర లాడ్జిలో దిగి తమ్ముడికి ఫోన్ చేశాను. బండి చెడిందని, ఆలస్యమవుతుందని, అయినా వస్తామని చెప్పాను.  వాడు మెల్లగా, నాయనకు ఇష్టం లేదేమో, బలవంతంగా తీసుకురావద్దు అన్నాడు. అదేం కాదురా, నిజంగానే బండి చెడిందన్నాను. సరేలే అన్నాడు. వాడు నమ్మలేదు. పక్క మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న నాయన ఆ మాటలన్నీ విన్నాడో లేదో నాకు తెలియదు.

శుక్రవారం పొద్దున షెడ్డుకు పోయేసరికి హెడ్డు విప్పి పెట్టి ఉంది. దాని ముందు భాయ్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. గ్యాస్కెట్ నిక్షేపంలా ఉంది. ఎక్కడా కాలలేదు, చిట్లలేదు. అయితే హెడ్డే వంగి ఉండాలని, దాన్ని లేతు మిషను దగ్గరికి పంపాడు. పది గంటలకు కబురొచ్చింది. హెడ్డు గీత గీసినంత తిన్నగా ఉంది. ఇంజను ఆయిలు తీసి చూశాడు. అందులో చుక్క నీరు లేదు. ఆయిల్లోకి నీళ్ళు పోలేదు, కానీ నీళ్ళలోకి నూనె వచ్చింది. ఎలా వచ్చింది? భాయ్ తల గోక్కున్నాడు. నేను నోటుపుస్తకం తీసి ఒక పక్క చూసినవీ, ఇంకో పక్క తేలినవీ రాశాను. చూసినవన్నీ బాగున్నాయి, బండి మాత్రం నడవదు. ఒక్కొక్క అడుగూ సరిగ్గానే ఉండి జవాబు మాత్రం తప్పయిన లెక్కను నేను అంతవరకు ఎరగను. 

భాయ్ మళ్ళీ రేడియేటర్ దగ్గరికి పోయి ఆ తెల్లనీళ్ళను రెండు వేళ్ళ మధ్య రాసి రాసి చూశాడు. వేళ్ళు విడదీశాడు. మళ్ళీ అంటించాడు. అప్పుడు నన్ను దగ్గరికి పిలిచి, మెస్సువాళ్ళకు వినపడకుండా గొంతు తగ్గించాడు.

“ఇది ఇంజను ఆయిలు బిల్కుల్ కాదు సార్. చేతేళ్ళకు అతుకుతాంది. ఎవరో ఏందో కలిపినారు. మీకు పడనోళ్ళు ఎవరన్నా ఉండారా?”

లెక్కల మాస్టారి మీద పగబట్టి రేడియేటర్‌లో మందు కలిపేంత శత్రువు ఎమ్మిగనూరులో ఎవడున్నాడని నవ్వబోయాను. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఎత్తి ఉన్న బానెట్, దాని పక్కన చెంబుతో నాయన కళ్ళముందు నిలిచారు. పోతుందా ఇది అంత దూరం అని రెండుసార్లు అడగడం, ఆగిన ప్రతిసారీ ఇంకా ఎంత దూరమని అడగడం, యాడైనా ఎనక్కి తిప్పుకోవచ్చు అన్న షరతు, అన్నీ వరుసగా వచ్చి కూర్చున్నాయి. రెండు రోజులుగా వెతుకుతున్న తప్పు అడుగు నాకు దొరికిపోయింది. దొరికిందన్న సంతోషం కంటే కోపం ఎక్కువగా లేచింది.

నాయన మెస్సు ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నేను పోయి ఎదురుగా నిలబడి, బండిలో ఏం పోశావని అడిగాను. ఆయన నా మొహం చూసి, ఉలిక్కిపడ్డట్టు సర్దుకుని కూర్చున్నాడు. కాదనలేదు. అది చూసి నాకు ఇంకా కోపమొచ్చింది.

“రానంటే రానని సెప్పుంటే సరిపోతుండె గదా నాయనా. వాని మొగం సూడాల్సొస్తాదని బండి సెడగొడతావా?”

జీవితంలో నేను ఆయనతో గొంతెత్తి మాట్లాడింది అదొక్కసారే. మెస్సులో తింటున్నవాళ్ళు చేతులు ఆపి చూశారు.  ఆయన మొహంలో తప్పు చేసి దొరికిన భయం నాకు కనిపించలేదు. ఆయనకు నా మాట అర్థం కావడానికే కొంతసేపు పట్టింది. తర్వాత తల దించుకుని, తన చేతులతో మాట్లాడుతున్నట్టు చెప్పాడు.

“పొద్దున బండి కింద సూస్తి. నీళ్ళు బొట్టు బొట్టు కారతాండె. నీకు సెప్తే మల్ల రిపేరీ అంటావు, ఆదివారం దాటిపోతాది. లారీలోళ్ళు పసుపు పోసి ఆపుతారని ఇనింటి. ఇంట్లో బొట్టుకు తప్ప పసుపు ల్యాకపాయె. పక్కింటోళ్ళ కాడ గంజి మిగిలింటే రెండు సెంబులు పోసినా. తెగిపోయే నూలునే నిలబెడతాది, దీనికి పనికి రాదా అనుకుంటి.”

 పడుగుకు పెట్టే గంజిలో నూలు పెళుసెక్కకుండా శెనక్కాయ నూనె కలుపుతారు. తెలుపు, నూనె చుక్కలు, జిగట, అడుగంటిన వాసన, అన్నిటికీ ఒకేసారి జవాబు దొరికింది. చిన్నప్పుడు ఆ గంజి పొయ్యి ముందు కూర్చుని కట్టెలు ఎగదోసినవాణ్ణి నేనే. రెండు రోజులుగా అదే వాసన పీలుస్తూ మెస్సువాళ్ళను తిట్టుకున్నాను. నిన్నటి నుంచి ఈ సంగతి ఎందుకు చెప్పలేదని అడిగితే, భాయ్ ఒకసారి పత్తి అంటాడు, ఒకసారి గ్యాస్కెట్ అంటాడు, తన గంజి వల్లే అని తనకెలా తెలుస్తుందన్నాడు. కారేది మాత్రం ఆగింది కదా అని కూడా అన్నాడు. అదీ నిజమే. కారడం ఆగింది, దానితోపాటు మిగతావన్నీ ఆగాయి.

మరి అన్నిసార్లు ఎంత దూరమని ఎందుకు అడిగావన్నాను. నా గొంతులో కోపం ఇంకా పూర్తిగా పోలేదు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియని కోపం అది.

“ఈడ నుంచి ఎనక్కి పోతే మల్ల బయల్దేరేంత గుండె నాకు ల్యాదురా. అందుకే అడుగుతాంటి.”

నాకు సిగ్గేసింది. ఆ బెంచీ మీదే ఆయన పక్కన కూలబడ్డాను. తప్పయిందని చెప్పాలనుకున్నాను.  నేను ఆయన్ను చూసుకున్న ఏడేళ్ళలో ఒక్కరోజు కూడా ఆయన తమ్ముడి పేరు ఎత్తలేదు. ఎత్తకపోవడాన్ని నేను పట్టుదల అని చదువుకున్నాను. అది భయమని నాకు తట్టనేలేదు.

నేను పోయి చెబితే భాయ్ నవ్వలేదు. పడుచుతనంలో తను కూడా లారీ రేడియేటర్‌లో గుప్పెడు పసుపు పోసి బళ్ళారి దాకా పోయానని చెప్పి, నాయన దగ్గరికి వచ్చి గంజి దేనితో కాస్తారని, నూనె ఎంత వేస్తారని శ్రద్ధగా అడిగి తెలుసుకున్నాడు. రోగం పేరు తెలియడంతో ఆయనకు మళ్ళీ ఉత్సాహం వచ్చింది. కింది గొట్టం విప్పి చూపించాడు. లోపల గంజి ఉడికి ఉడికి, గోడలకు పోస్టర్లు అంటించే పిండిలా గడ్డకట్టి ఉంది. రేడియేటర్ దింపి, చివరలు ఊడదీసి, ఒక్కొక్క సన్నగొట్టంలోనూ ఊచ దూర్చి తోడాలట. ఇంజను లోపలి దారులు వేడినీళ్ళతో కడగాలట. అన్నీ అయ్యేసరికి శనివారం సాయంత్రం దాటుతుందన్నాడు. ఆ తర్వాత బయలుదేరితే ఫంక్షను అయిపోయాక, విస్తళ్ళు ఎత్తే వేళకు చేరతాం.

నాయన అంతా విని, రైల్వే స్టేషను ఎంత దూరమని అడిగాడు.

నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. బండి ఇక్కడే వదిలేసి ఇద్దరం ఇప్పుడే రైల్లో పోదామన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. బండి పని దగ్గరుండి చేయించుకుని వెనకాల రమ్మన్నాడు. ఒక్కడివే ఎలా పోతావు, జనరల్ పెట్టెలో ఎలా కూర్చుంటావు, కల్యాణ్‌లో దిగి ఎవర్ని అడుగుతావు అని నేను ఒకదాని మీద ఒకటి వేశాను. పెళ్ళికాక ముందు దుప్పట్ల మూటలు నెత్తిన పెట్టుకుని ఇదే దారిలో బొంబాయి పోయేవాడినని గుర్తుచేశాడు. అది యాభై ఏళ్ళ కిందటి మాటని అన్నాను. అప్పుడు ఆయన లేచి నిలబడ్డాడు.

“నువ్వుంటే నీ ఎనక నిలబడి మాట్లాడతా. వాన్ని ఆ మాట అన్నప్పుడు నేనొక్కన్నే అన్నా గదా. ఒక్కన్నే పోతా.”

మధ్యాహ్నం ఆయన్ను ఆటోలో స్టేషనుకు తీసుకుపోయాను. జనరల్ పెట్టెలో ఒకాయన జరిగి కిటికీ పక్కన చోటిచ్చాడు. పట్టీలు ఆయన సంచిలో పెట్టాను. తమ్ముడి నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టాను. నీళ్ళసీసా, అరటిపళ్ళు ఇచ్చాను. ఇంకేదో ఇవ్వాలని, ఇంకేదో చెప్పాలని కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. ఆయన మాత్రం ఎదురుగా ఉన్న సీటు వైపే చూస్తూ కూర్చున్నాడు. రైలు కదిలాక కూడా నా వైపు తిరగలేదు. తిరిగితే దిగిపోతానని భయపడ్డాడేమో. నేను సరైన పనే చేశానా, మంచీ చెడ్డా ఆలోచించకుండా ముసలాయన్ను ఒంటరిగా పంపేశానా అని ఆ రోజంతా తేల్చుకోలేకపోయాను. తమ్ముడికి రైలు వేళ చెబితే వాడు రెండుసార్లు అడిగాడు, నాయన ఒక్కడేనా, తనంతట తానే ఎక్కాడా అని.

శనివారం పొద్దున షెడ్డులో భాయ్ రేడియేటర్ గొట్టాల్లో ఊచ ఆడిస్తున్నాడు, నేను వేడినీళ్ళు పోస్తున్నాను. ఫోన్ మోగింది. తమ్ముడు.

“అన్నా, రైలొచ్చింది. నాయన దిగినాడు. నేను ఈడ మెట్ల కాడ ఉండా. నన్నింకా సూడలేదు.”

 వెనక రైల్వే మైకు హిందీలో ఏదో చెబుతోంది. నాయన ఏం చేస్తున్నాడని అడిగాను. సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని, పోయేవాళ్ళ మొగాలన్నీ చూస్తున్నాడని, చాలా సన్నబడ్డాడని చెప్పాడు.  నలభై రెండేళ్ళవాడు చిన్నపిల్లాడిలా అడిగాడు.

“ఏమని పిలిసేది అన్నా?”

 పెద్దవాణ్ణి కాబట్టి ఏదో ఒకటి చెప్పాలి. నాయనా అనే పిలవరా అన్నాను.

వాడు ఫోన్ ఆపడం మరిచిపోయాడు. అడుగుల చప్పుడు, జనం రాపిడి, ఎవరో దారి ఇమ్మనడం వినిపించాయి. వాడు పిలిచాడో లేదో నాకు వినపడలేదు.  నేను వేడినీళ్ళ గిన్నె కింద పెట్టి, ఫోన్ చెవికి అదుముకుని నిలబడ్డాను. అప్పుడు దూరం నుంచి నాయన గొంతు వచ్చింది.

“బండి సెడిపాయెనప్పా. అందుకే ఆలస్యమాయె.”